వదిన గొంతు, గంభీరం గారి చెవి

పత్రిక ఆఫీసు,
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల.
జూన్ మొదట్లో.

వదినా,

నీ రెండో ఆల్బమ్ మీద వచ్చిన సమీక్షలన్నీ కత్తిరించి ఈ కవర్లో పెడుతున్నాను. కూర్చుని చదువు. పూల్ గట్టున నిలబడి చదివితే నవ్వి నీళ్లలో పడతావు, నువ్వు ఈత నేర్పే పిల్లల ముందు పరువు పోతుంది.

దినపత్రికాయన "ఈమె నవ్వడం మరిచిపోయి చాలా కాలమైనట్టుంది" అన్నాడు. అన్నయ్య చొక్కా తిరగేసి తొడుక్కుని నాలుగిళ్లలో ఫ్రిజ్‌లు బాగుచేసి వచ్చిన రోజు వంటగది గోడ పట్టుకుని నువ్వు నవ్విన నవ్వు ఆయన వినలేదు పాపం. రేడియోలో ఒకావిడ ఇంకా ముందుకెళ్లింది. ఏదో తీరని నష్టం తర్వాత పుట్టిన పాటలట. ఏం నష్టపోయావు వదినా? గొడుగులు తప్ప నువ్వు పోగొట్టుకున్నవి నేనెప్పుడూ చూడలేదు.

ఇక మా గంభీరం గారు. సంగీతం పేజీకి ఆయనే పెద్దదిక్కు. అచ్చులో వేరే పేరుంటుంది గానీ ఆఫీసులో టీ తెచ్చే ఆవిడ దగ్గర్నుంచి ఎడిటర్ దాకా అందరికీ గంభీరం గారే. ఆయన చేత్తో రాస్తారు, నేను టైపు చేస్తాను. డిగ్రీ మీద డిగ్రీ చేసి నేను వెలగబెడుతున్నది ఇదీ. నువ్వు నాకు వదినవని అందరికీ తెలుసు కాబట్టి నీ మీద నన్ను ఒక్క ముక్క రాయనివ్వరు. కానీ నీ గురించి ఆయన రాసిన వాక్యం టైపు చేస్తుంటే నా వేళ్లు ఆగిపోయాయి. "ఈ గొంతులో ఎప్పటికీ తడి ఆరని గది ఒకటుంది." బాగుంది కదూ? నేను రాయలేదే అని కడుపు మండింది.

అసలు విషయం. ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్ల కోసం ఏడాది చివరి సంచికలో ఒక పూర్తి పేజీ ఉంటుంది. ఈసారి ఆ పేజీ నీకే ఇస్తానని గంభీరం గారు ఎడిటర్‌తో అన్నారు, నీ మూడో ఆల్బమ్ అప్పటికి తయారైతే. మన ఊరి గ్రంథాలయం పక్కనున్న చిన్న హాలువాళ్లు ఆ పేజీ చూసే వచ్చే ఏడాదికి ఎవరిని పిలవాలో తేల్చుకుంటారు. టిక్కెట్టు కొనుక్కున్న మనుషుల ముందు నిలబడి పాడాలని నువ్వు నాతో ఎన్నిసార్లు అన్నావో నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది.

తొందరగా కానియ్యి. దిగులుగా కానియ్యి.

ఆడపడుచు హోదాలో హెచ్చరిస్తూ,
నేను.


పూల్, టిక్కెట్ల గది.
జూన్, శనివారం.

ఆడపడుచు గారికి,

కాగితం మీద తడి మరకలు చూసి ఏడ్చానని ఎవరికీ చెప్పకు. ఇప్పుడే ఒక పిల్ల తల విదిలించుకుంటూ వచ్చి "టీచర్, నా కళ్లద్దాలు మునిగిపోయాయి" అని ఫిర్యాదు చేసి వెళ్లింది.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ సాయంత్రానికి నా గొంతు దేనికీ పనికిరాదని నీకు తెలుసు. నువ్వు హలో అంటే నేను గీ అంటాను. అందుకే మనిద్దరం ఈ కాలంలో కూడా ఉత్తరాలు రాసుకుంటున్నాం, పోస్టాఫీసువాళ్లు మన పేరు చెప్పుకుని టీ తాగుతున్నారు.

సమీక్షలు చదివాను. మీ అన్నయ్య బిగ్గరగా, ఏడుపు గొంతుతో చదివి వినిపించాడు. తడి ఆరని గది దగ్గర మాత్రం ఇద్దరం ఆగి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే అది ఉంది. ఆ రెండు ఆల్బమ్‌లూ నేను ఎక్కడ పాడానో నీకు చెప్పలేదు కదా, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో. పూల్ మూశాక, మీ అన్నయ్య బెంచీ మీద మైకు నిలబెడతాడు, నేను గోడకున్న కొక్కేల వైపు తిరిగి పాడతాను. నాలుగు వైపులా టైల్స్, కాబట్టి పాట తిరిగొస్తుంది. కింద ఎప్పుడూ నీళ్లే. నిజంగానే ఆరదు. మీ గంభీరం గారిది చెవి కాదు, ముక్కు.

గొంతు సంగతి కూడా విను. పొద్దుట్నుంచీ "కాళ్లు! కాళ్లాడించు! మోకాలు కాదు, కాలు!" అని అరిచిన గొంతుతో సాయంత్రం పాడితే ఎవరి గొంతైనా దిగులుగానే ఉంటుంది. పాటల్లో దిగులు లేదని కాదు. అది రాసేటప్పుడు ఉన్నదే. కానీ బొంగురు మాత్రం జీతంలో భాగం.

ఇప్పుడు వార్త: పూల్ మూసేస్తున్నారు, ఏడాది చివరి దాకా. టైల్స్ అన్నీ పీకి కొత్తవి వేస్తారట. అరవడానికి పిల్లలుండరు. కాబట్టి పొద్దున్నే, కంటి నిండా నిద్రపోయిన గొంతుతో, మా వంటింట్లో మూడో ఆల్బమ్ చేస్తాను. ఫ్రిజ్ మోత వస్తోందని మీ అన్నయ్య రోజూ దాన్ని ఆపేస్తున్నాడు, మళ్లీ వేయడం మరిచిపోతున్నాడు. ఊళ్లో అందరి ఫ్రిజ్‌లూ బాగుచేసే మనిషి ఇంట్లో పాలు విరిగిపోతున్నాయి.

తొందర పెట్టకు. పెడితే ఈసారి నీ మీదే రాస్తాను పాట.

మీ వదిన.


ఆఫీసు, అదే బల్ల.
ఆగస్టు చివర.

వదినా,

నాలుగు పాటలూ అందాయి. చాలా బాగున్నాయి.

పై వాక్యం రాసి పావుగంట కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎదురు మేడ మీద ఒకాయన కుర్చీకి రంగు వేస్తూ, ఆరకుండానే కూర్చుని చూసుకుని, లేచి వెనక్కి తిరిగి ప్యాంటు చూసుకున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఎందుకో తెలియదు.

సరే, చెప్తాను. నీ గొంతు అప్పుడే కడిగి బోర్లించిన గాజు గ్లాసులా ఉంది. ప్రతి మాటా వినబడుతోంది. బస్‌స్టాప్‌లో కూర్చుని తన బస్సులన్నీ వదిలేసుకునే మనిషి పాట ఉందే, అదే పాట పాత ఆల్బమ్‌లో ఉండుంటే నేను తలుపు గడియ పెట్టుకుని వినేదాన్ని. ఇప్పుడు వింటే ఆ మనిషి కాసేపట్లో లేచి నడుచుకుంటూ ఇంటికెళ్లి అన్నం తింటాడనిపిస్తోంది.

ఇంకోటి. నేను వింటుంటే గంభీరం గారు వెనక నుంచి వచ్చి ఒక ఇయర్‌ఫోన్ అడిగి చెవిలో పెట్టుకున్నారు. అర పాట విన్నారు.

"ఎవరమ్మా ఈ అమ్మాయి?" అన్నారు.

"ఎవరో కొత్తమ్మాయండీ" అన్నాను.

"ఉచ్చారణ బాగుంది" అనేసి వెళ్లిపోయారు. ఉచ్చారణ బాగుందట! వదినా, ఆయన నోట అది తిట్టు. నీ పేజీకి ఆయన శీర్షిక కూడా అనుకున్నారు, "చీకటిలోకి మూడో మెట్టు" అని. నువ్వేమో కిటికీ తీసి కూర్చున్నావు.

నా మాట విను. పాటలు మార్చొద్దు. గొంతు మార్చు. రెండు రోజులు బాగా అరిచి, ఆ పాత గొంతు తెచ్చుకుని మళ్లీ పాడు. హాలు చేతిదాకా వచ్చింది. పిల్లలు లేకపోతే అన్నయ్య మీద అరిచెయ్యి. కారణాలు కావాలంటే ఇంటి ఆడపడుచుగా నేను సరఫరా చేస్తాను.

నీ మంచి కోరి,
నేను.


ఇల్లు, వంటింటి బల్ల.
సెప్టెంబరు.

పిల్లా,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా నిన్ను తిట్టుకున్నాను. ఆ తర్వాత నువ్వు చెప్పినట్టే చేశాను.

పూల్‌కి వెళ్లాం, ఇద్దరం. నీళ్లు లేని పూల్ ఎప్పుడైనా చూశావా? పళ్లు పీకేసిన నోరులా ఉంటుంది. లోతు తక్కువున్న వైపు నుంచి మెట్లు దిగి, లోతు వైపు గోడ దాకా నడుచుకుంటూ వెళ్లి అక్కడ నిలబడి అరిచాను. అరవడానికి మాట కావాలి కదా, అలవాటైన మాటే వచ్చింది. "కాళ్లు! కాళ్లాడించు!"

అవతల గోడ దగ్గర టైల్స్ అంటిస్తున్న మేస్త్రీ ఉలిక్కిపడి తాపీ వదిలేశాడు. "ఎవరి కాళ్లమ్మా?" అన్నాడు.

"ఎవరివీ కాదు, నువ్వు పని చేసుకో" అన్నాడు మీ అన్నయ్య.

"ఆవిడ అలా అరుస్తుంటే ఎలా చేసుకోను సార్? నా కాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి."

మర్నాడు కూడా వెళ్లాం. మేస్త్రీ చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. సాయంత్రానికి గొంతు వచ్చేసింది, అదే, నీకు కావలసింది. బట్టల గది తాళం అడిగి తీసుకుని నాలుగు పాటలూ పాడాను. విన్నాను. పొల్లు పోకుండా అదే మనిషి. చిన్నపిల్లలు పెద్దవాళ్ల నడక నడిచి చూపించి అందర్నీ నవ్విస్తారు చూడు, అలా నన్ను నేనే అనుకరిస్తున్నట్టుంది.

ఆ మర్నాడు లేచేసరికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసి, "ఏం చేశారు?" అంది. మీ అన్నయ్య చెప్పాడు. ఆవిడ చాలాసేపు అతనివైపే చూసింది, ఈ సంసారంలో పిచ్చి ఎవరికో తేల్చుకోవడానికి. కొన్నాళ్లు గుసగుస కూడా వద్దంది. పాడటం సంగతి తర్వాత చూద్దామంది.

పెన్‌డ్రైవ్‌లో రెండూ పెట్టాను. పొద్దుటి నాలుగు, అరిచిన నాలుగు. గంభీరం గారికి ఏవి ఇవ్వాలో నువ్వే తేల్చు, మిగతావి ఆ గొంతుతోనే పూర్తి చేస్తాను, గొంతంటూ ఉంటే. నాకేవి ఇష్టమో చెప్పను. చెప్తే నా కోసం చేస్తావు, రేపు ఏదైనా తేడా వస్తే నన్నంటావు.

మీ వదిన.

(చెల్లీ, నేను అన్నయ్యని. ఇంట్లో ఒకటే నిశ్శబ్దం. ఎన్నాళ్లనుంచో కోరుకున్నదే గానీ వచ్చాక భయంగా ఉంది. ఆవిడ పలక మీద రాసి తిడుతోంది. చెరిపి మళ్లీ తిడుతోంది. నువ్వు ఏదో ఒకటి తేల్చు.)


హాస్టలు గది.
సెప్టెంబరు, ఆదివారం.

వదినా,

నన్ను తిట్టు. పలక సరిపోకపోతే గోడ మీద రాసి తిట్టు.

రెండూ విన్నాను. అరిచిన పాటలు ముందు విన్నాను, నాకు కావలసినవి అవే కాబట్టి. మొదటి పాటకి ఒళ్లు జలదరించింది. రెండో పాటకి నాకు మేస్త్రీ చెవుల్లో దూది కనబడింది. మూడోది పూర్తిగా వినలేకపోయాను.

నీకు గంభీరం గారి పేరు చెప్పాను గానీ ఆయన సాకు. ఈ ఊరు వచ్చిన కొత్తలో, ఈ గదిలో, ఈ మంచం మీద, నీ మొదటి ఆల్బమ్ పెట్టుకుని పడుకునేదాన్ని. పక్క గది అమ్మాయిలు గుంపుగా నవ్వుకుంటూ మెట్లు దిగుతుంటే వినబడేది. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. నా వైపు ఉన్నది నీ గొంతొక్కటే. అంత దూరంలో నువ్వు కూడా దిగులుగా ఉన్నావని నాకు ధైర్యం. ఇప్పుడు నువ్వు తెల్లారి లేచి హాయిగా పాడుతుంటే, నన్నొక్కదాన్నే ఇక్కడ వదిలేసి గట్టెక్కేశావనిపించింది. అందుకని నిన్ను మళ్లీ నీళ్లలోకి తోశాను. తమాషా ఏమిటంటే ఆ మెట్లు ఇప్పుడు నేనూ వాళ్లతోనే దిగుతున్నాను. నేను మారాను, నువ్వు మాత్రం అలాగే ఉండాలన్నాను.

నిన్న గంభీరం గారి బల్ల దగ్గరికి వెళ్లాను.

"మీరు మొన్న ఎవరని అడిగిన అమ్మాయి మా వదినండీ."

కళ్లజోడు తీశారు. "కాదు" అన్నారు.

"అవునండీ."

"మరి ఆ బొంగురు?"

"పిల్లలకి ఈత నేర్పుతుందండీ. రోజంతా అరుస్తుంది. పూల్ మూసేశారు, గొంతు బాగుపడింది."

"నేను రాసిన గది?"

"అది నిజంగానే ఉందండీ. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది. మీరు అన్నట్టే, ఆరదు."

ఆయన మొహంలో ఏం జరిగిందో నేను సరిగా చెప్పలేను. ముందు ఎర్రబడింది. తర్వాత మీసం కింద ఏదో కదిలింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. "అయితే ఆవిడకి దుఃఖమే లేదంటావు" అన్నారు చివరికి.

"పాటలో ఉంది కదండీ. రాసేటప్పుడు ఎవరికీ గొంతు బొంగురుపోదు."

చెయ్యి చాచారు. పొద్దుటి నాలుగు ఇచ్చాను. అరిచినవి ఇవ్వలేదు, ఇవ్వను. అవి నా దగ్గర కూడా లేవిప్పుడు, చెరిపేశాను. నీ పేజీ వస్తుందో రాదో తెలియదు. హాలు పోయినా పోవచ్చు. తేల్చమన్నావు, తేల్చాను.

గొంతు ఎలా ఉంది?

నేను.


ఇల్లు.
అక్టోబరు.

వస్తోంది. పొద్దున పాలావిడతో "రేపు రావద్దు" అని పైకే అన్నాను. మీ అన్నయ్య పక్క గదిలోంచి చప్పట్లు కొట్టాడు.

చెరిపేసినందుకు సంతోషం. నాకూ పొద్దుటివే ఇష్టం. చూశావా, చెప్పకుండా ఉండటం ఎంత కష్టమైందో. మిగతా పాటలూ ఆ గొంతుతోనే పాడి వచ్చే నెల ఆల్బమ్ బయటపెడతాను.

ఒక్క మాట. నిన్ను వదిలేసి నేను గట్టెక్కలేదే. ఇప్పుడు నువ్వూ గట్టు మీద కూర్చునే కదా నాకు ఉత్తరాలు రాస్తున్నావు, నీ పక్కనే ఉన్నాను.

వదిన.


ఆఫీసు.
డిసెంబరు చివర.

వదినా,

సంచిక వచ్చింది. పేజీ వచ్చింది! పూర్తి పేజీ కాదు, కింద సగం సూట్‌కేసుల ప్రకటన. ఎడిటర్ గారి దయ.

గంభీరం గారు ఏం రాశారో చదువుకో. నేనే టైపు చేశాను, ఒక్క అక్షరం కదపలేదు. కదపాలని ఎంత దురదపెట్టిందో దేవుడికే తెలుసు. "నాకు పాత గొంతే ఇష్టం. ఆ ఇష్టం నాది, ఆమె బాధ్యత కాదు. ఈ గాయని దుఃఖాన్ని నేను ఇన్నాళ్లూ గొంతులో వెతికాను. అది మాటల్లో ఉంది, ఇప్పుడు వినబడుతోంది. విన్నాక అది నేననుకున్నంత పెద్దది కాదని తెలిసింది. మనందరికీ ఉన్నంతే ఉంది." ఈ ఆఖరి వాక్యం పొగడ్తో కాదో అడిగితే, "నాకూ తెలియదమ్మా, అందుకే రాశాను" అన్నారు.

మిగతావాళ్లలో సగం మంది నిన్ను పూడ్చిపెట్టారు. దినపత్రికాయన "ఈమె సుఖపడినట్టుంది" అని నేరం మోపినట్టు రాశాడు. రేడియో ఆవిడ ఆ నష్టం ఎలా తీరిందా అని చర్చ పెట్టింది, ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని నీ జీవితం గురించి మాట్లాడారు. అన్నయ్య ప్రస్తావన రాలేదు. ఒక చిన్న పత్రికలో ఎవరో అమ్మాయి మాత్రం ఆ బస్‌స్టాప్ పాట విని తనకి ఆకలేసిందని రాసింది. నాకు తను బాగా నచ్చింది. పేరు కనుక్కుని ఉత్తరం రాశాను.

హాలువాళ్లు ఫోన్ చేశారు, నాకు! సాయంత్రాలన్నీ పెద్దవాళ్లకి ఇచ్చేశారట. ఆదివారం పొద్దుటి పూట ఖాళీ ఉంది, ఎవరూ తీసుకోరు, మీవాళ్లు పాడతారేమో అడగండన్నారు. పొద్దుటి పూట, వదినా! నేను నవ్వుతుంటే అవతలావిడ లైను కలవలేదనుకుని హలో హలో అంటూనే ఉంది.

ఇంకో కబురు, చిన్నది. బంధువులు కాని వాళ్ల మీద రాయడానికి నాకు నెలకో అర పేజీ ఇచ్చారు. గంభీరం గారే అడిగి ఇప్పించారు. నా మొదటి ముక్క చదివి "ఉచ్చారణ బాగుంది" అన్నారు. చంపేద్దామనుకున్నాను.

నేను.


పూల్, టిక్కెట్ల గది.
జనవరి.

పిల్లా,

హాలుకి సరేనన్నాను. ఆదివారం పొద్దున. మీ అన్నయ్య నాకంటే ముందు భయపడటం మొదలుపెట్టాడు, ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేస్తున్నాడు. నువ్వు ముందు రోజే వచ్చెయ్యి, అతని భయాన్నీ నా భయాన్నీ ఒకేసారి నేను మోయలేను.

పూల్ తెరిచారు. కొత్త టైల్స్ ఎంత నున్నగా ఉన్నాయంటే పిల్లల కేకలన్నీ మారుమోగి నా పాత అరుపులు సరిపోవడం లేదు, ఇంకా గట్టిగా అరవాల్సి వస్తోంది. సాయంత్రానికి గొంతు పాత దారినే పోతోంది. పోనీ. పొద్దున్నకల్లా వచ్చేస్తోంది.

నిన్న సాయంత్రం సంగతి నీకు చెప్పి తీరాలి. ఆఖరి బ్యాచ్ అయిపోయింది. ఈ మధ్యే చేరిన ఒక పిల్లకి వాళ్లమ్మ బెంచీ మీద కూర్చుని తల తుడుస్తోంది. ఆఫీసు నుంచి అటే వచ్చినట్టుంది, భుజానికి బ్యాగ్ ఇంకా అలాగే ఉంది. తుడుస్తూ తుడుస్తూ కూనిరాగం తీస్తోంది. బస్‌స్టాప్ పాట. నా పాట! తువ్వాలు వేగంతో పాడుతోంది, నేను పాడినదానికి రెట్టింపు వేగం. ఆ పిల్ల "అమ్మా, మెల్లగా, చెవి, చెవి!" అంటోంది.

పిల్లా, నా పాటలు ఒకరు గదిలో ఒంటరిగా విన్నారని తెలుసు, వాటి మీద వ్యాసాలు రాశారని తెలుసు. ఎవరైనా పని చేసుకుంటూ పాడటం మాత్రం నేను చూడటం ఇదే మొదటిసారి. ఆ పాత పాటలు అలా పాడుకోవడానికి లొంగవు కూడా. నేను చేతిలో తాళాలగుత్తితో అక్కడే నిలబడిపోయాను.

ఆవిడ తలెత్తింది. "ఏంటి టీచర్, అలా చూస్తున్నారు? మీకూ తెలుసా ఈ పాట?"

"విన్నానండీ" అన్నాను.

"నాకు మొదటి రెండు ముక్కలే వచ్చు, పొద్దుట్నుంచీ అవే తిరుగుతున్నాయి నోట్లో. తర్వాతేమిటో చెప్పండి, పుణ్యముంటుంది."

చెప్తే పోయేది. కానీ నాకు ఏమైందో, అక్కడే, ఆ తడి నేల మీద నిలబడి, రోజంతా అరిచిన గొంతుతో పాట చివరిదాకా పాడేశాను. ఆ పిల్ల తల తుడిపించుకోవడం మానేసి నా నోటివైపే చూస్తోంది. ఆవిడ శ్రద్ధగా విని, తువ్వాలు మడిచి బ్యాగ్‌లో పెట్టుకుని లేచింది.

"గొంతు కాస్త బొంగురు గానీ టీచర్, మీరు కూడా బాగానే పాడతారు" అంది.

థాంక్స్ చెప్పాను. మనస్ఫూర్తిగా చెప్పాను.

మీ వదిన.